అబ్బాయి కళ్లలో మగత

మార్చి 3, సోమవారం

అబ్బాయి నా దగ్గర ఏదో దాస్తున్నాడు.

పొద్దున షాపు షట్టరు తీస్తూ తాళంచెవి రెండుసార్లు జారవిడిచాడు. కళ్లు ఎర్రగా, రెప్పలు బరువుగా ఉన్నాయి. "నిద్రపోలేదా?" అని అడిగాను. "మొద్దులా పడుకున్నానమ్మా" అన్నాడు. మొద్దులా పడుకున్న మనిషి కళ్లు అలా ఉండవు.

కొన్నాళ్లుగా ఆగకుండా తుముతున్నాడు, ఆ తుమ్ములకు కారణం నాకు తెలుసు. కాలేజీ లైబ్రరీ వాళ్లు కొత్తగా బైండు చేయమని పంపిన పాత పుస్తకాల కట్టలు విప్పినప్పటి నుంచి షాపంతా దుమ్మే. నేనూ తుమ్ముతున్నాను, కుట్టు పిన్నీ తుమ్ముతోంది. మా ఇద్దరి కళ్లూ అలా లేవు మరి.

కుట్టు పిన్ని మా దగ్గర పుస్తకాలు కుడుతూ ముసలిదయింది. చూడకూడనివి చూడడంలో ఆవిడ చూపు ఆవిడ సూది కంటే పదును. దారానికి మైనం రాస్తూ అడిగింది: "పెద్దమ్మగారూ, అబ్బాయిగారికి ఒంట్లో బాగాలేదా, ఇంట్లో బాగాలేదా?"

"నీ కుట్టు వంకర పోతోంది, అది చూసుకో" అన్నాను.

ఎప్పటిలాగే సాయంత్రం వాడికి నా నిమ్మనీళ్లు కలిపి ఇచ్చాను. మారు మాట్లాడకుండా తాగాడు. అదొక్కటే మంచి అలవాటు మిగిలింది.

మార్చి 4, మంగళవారం

కట్టింగ్ మెషిన్ దగ్గర వాడు నిలబడితే నాకు ఇవాళ చూడబుద్ధి కాలేదు. అయినా చూస్తూనే ఉన్నాను.

ఆ మెషిన్‌కు రెండు బటన్లు. రెండు చేతులూ రెండింటి మీద ఉంటేనే కత్తి దిగాలి. చేతులు కత్తి కిందకు పోకుండా మెషిన్ చేసినవాళ్లు పెట్టిన ఏర్పాటు అది. కొన్న నెలలోనే అబ్బాయి ఎడమ బటన్ సందులో అట్టముక్క దోపాడు. ఇక అది ఎప్పుడూ నొక్కుకునే ఉంటుంది. ఎడమచేత్తో కాగితాల దొంతర సర్దుకుంటూ కుడిచేత్తో కోసేస్తాడు. "బైండింగు వాళ్లందరూ ఇంతేనమ్మా. రెండు చేతులూ బటన్ల మీద పెట్టుకుని కూర్చుంటే ఆర్డరు ఎప్పుడు అవుతుంది? గడువు దాటితే మొదట అరిచేది నువ్వే" అంటాడు. అదీ నిజమే.

కానీ మా ఆయన ఎడమచేతి వేళ్లు రెండు పాత మెషిన్ కింద పోయాయి. ఆ రోజు ఆయన తాగి ఉన్నారు. ఎర్ర కళ్లు, బరువు రెప్పలు, అడిగిన మాటకు ఒక క్షణం ఆలస్యంగా జవాబు. నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

నిమ్మనీళ్లు ఇచ్చాను.

మార్చి 5, బుధవారం

రోజంతా నీళ్ల సీసా ఎత్తుతూనే ఉన్నాడు. నీళ్లేనట.

మార్చి 6, గురువారం

వాడు బాత్‌రూమ్‌కు వెళ్లినప్పుడు సీసా మూత తీసి వాసన చూశాను. వాసన లేదు. చుక్క నాలుక మీద వేసుకున్నాను. నీళ్లే. అంటే షాపులో తాగడం లేదన్నమాట. వేరే చోటుంది.

బాత్‌రూమ్‌లో చాలాసేపు ఉంటున్నాడు. ఇదివరకు వెళ్లింది తెలిసేది కాదు, వచ్చింది తెలిసేది కాదు. ఇవాళ తలుపు దగ్గర నిలబడి విన్నాను. కుళాయి చప్పుడు లేదు. ఏ చప్పుడూ లేదు. బయటికి వచ్చి నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఏంటమ్మా, ఇక్కడ?"

"ఏం, నా షాపులో నేను నిలబడకూడదా?"

"నిలబడు. కానీ బాత్‌రూమ్ తలుపుకు కాపలా ఎందుకు?"

నవ్వాడు కానీ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఇంట్లో మనవరాలు కూడా కనిపెట్టింది. అన్నం తింటూ, "నాన్నమ్మా, నాన్న నాలుక అట్టలా అయిపోయిందంట. నువ్వు క్యాలికో గుడ్డ అంటించి బైండు చేసెయ్" అంది. కోడలు పకపక నవ్వి వెంటనే నా మొహం చూసి ఆపేసింది. ఎందుకు ఆపింది? మామూలుగా నా మొహం చూసి నవ్వు ఆపే మనిషి కాదు.

మార్చి 7, శుక్రవారం

ఈ ఇంట్లో మాత్రలు ఉండకూడదన్నది నా నియమం. తుమ్మితే ఒక మాత్ర, తల పట్టేస్తే ఒక మాత్ర, అలవాటైతే మనిషి మాత్రల డబ్బా అవుతాడు. కోడలు కాపురానికి వచ్చిన కొత్తలోనే చెప్పాను. అప్పట్లో తల ఊపింది.

నిమ్మనీళ్లు వేరే సంగతి. వేడినీళ్లు, తేనె, నిమ్మరసం, ఒక పొట్లం జలుబు పొడి. కిరాణా కొట్టులో బిస్కెట్ల పక్కన వేలాడే పొట్లం మందు ఎలా అవుతుంది? నిమ్మకాయ వాసనే వస్తుంది. పోయిన చలికాలం నా జలుబుకు పెట్టె కొన్నాను, మిగిలిపోయింది. వాడితో చెప్పలేదు. చెప్తే కోడలికి తెలుస్తుంది, "అత్తయ్య నియమం ఇదన్నమాట" అని వారం రోజులు నవ్వుకుంటుంది.

ఇవాళ రెండో పెట్టె తెచ్చాను. ఎప్పటిలాగే పెట్టె విప్పి, మంచి గట్టి అట్ట కదా, జేబు నోటుపుస్తకాల వెన్నుకు ముక్కలు కోసుకున్నాను. లోపల మడతలు మడతలుగా ఒక కాగితం పెట్టి ఉంది. ఎంత పలచన! జిగురు చక్కగా పీలుస్తుంది. అదీ వెన్నుకే వేశాను. మా వృత్తిలో అచ్చు కాగితం చదవడానికి కాదు, అంటించడానికి.

తుమ్ములు కాస్త తగ్గాయి. కాబట్టి ఇకమీదట పొద్దున కూడా ఒక గ్లాసు ఇస్తాను.

మార్చి 9, ఆదివారం

ఇవాళ విన్నది విన్నట్టు రాస్తాను, తర్వాత నేను కల్పించుకున్నానని ఎవరూ అనకుండా.

కోడలు వరండాలో బట్టలు ఆరేస్తూ ఫోనులో వాళ్ల అన్నతో మాట్లాడుతోంది. "ఈ షాపు వదిలితే గాని ఆయన ఆరోగ్యం బాగుపడదన్నయ్యా. ఆ దుమ్ములో ఎన్నాళ్లని... అత్తయ్య ఉండగా ఎలా చెప్పను? నేనే ఏదో ఒకటి చేస్తున్నాలే." అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూసింది. నేను కిటికీ తెర వెనక ఉన్నాను.

నేనే ఏదో ఒకటి చేస్తున్నాలే. ఏమిటా ఏదో ఒకటి?

వాళ్ల అన్నకు మా షాపు ఉన్న వీధి మీద ఎప్పటి నుంచో కన్నుంది. జిరాక్సు మెషిన్లు పెడితే ఎలా ఉంటుందని నన్నే ఒకసారి అడిగాడు. నా మొహం చూసి మాట మార్చాడు.

తాగించేది ఈవిడేనా? మగవాణ్ణి మత్తులో ఉంచితే ఏ కాగితం మీదైనా సంతకం పెడతాడు.

రాసి చూసుకుంటే నాకే ఎబ్బెట్టుగా ఉంది. అయినా కొట్టేయను.

మార్చి 10, సోమవారం

దొరికింది.

కోడలు వాడి భోజనం క్యారేజీ కడుతూ, పై గిన్నెలో చిన్న కాగితం మడత పెట్టడం కళ్లారా చూశాను. దారిలో క్యారేజీ నేనే పట్టుకుంటానన్నాను. షాపు వెనక గదిలో విప్పాను. మడతలో తెల్లగా గుండ్రంగా ఒక మాత్ర. చీర కొంగున ముడి వేసుకుని, క్యారేజీ ఎప్పటిలా మూసి పెట్టాను.

సందు చివర మందుల షాపుకు వెళ్లాను. కళ్లజోడు పెట్టుకున్న చిన్నమ్మాయి ఉంది.

"ఇది దేనికిచ్చే మాత్రో చెప్పగలవా అమ్మా?"

తిప్పి చూసింది. "స్ట్రిప్ ఏదండీ?"

"లేదు. ఇదొక్కటే."

"విడి మాత్ర చూసి చెప్పకూడదండీ. తెల్లగా గుండ్రంగా ఉండేవి ఈ అలమర నిండా ఉన్నాయి. పేరున్న ముక్క తీసుకురండి, చెప్తాను. ఎవరు వేసుకుంటున్నారు?"

"మా పక్కింటావిడ కొడుకు."

"ఆయన ఇంకేమైనా వాడుతున్నారా? దగ్గు మందు, జలుబు మందు, నిద్రమాత్ర లాంటివి?"

"ఏమీ లేదు" అన్నాను.

అబద్ధం కాదు. పక్కింటావిడకు అసలు కొడుకే లేడు.

మధ్యాహ్నం అబ్బాయి క్యారేజీ విప్పి, గిన్నెలన్నీ ఎత్తి ఎత్తి చూశాడు. "ఏంట్రా వెతుకుతున్నావ్?" అంటే నీళ్లు నమిలాడు. "స్పూనమ్మా." స్పూను చేతిలోనే ఉంది. కాసేపటికి "ఇప్పుడే వస్తా" అని బయటికి వెళ్లి వచ్చాడు. ఎక్కడికి? చెప్పలేదు.

అంటే వాడికి తెలిసే జరుగుతోంది. ఇద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెడుతున్నారు.

మార్చి 11, మంగళవారం

ఈ రోజు ఎన్నడూ లేనంత మగతగా ఉన్నాడు. స్కేలు మీద అంకెలు కనబడక కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. వాడి చూపుకు ఏ లోటూ లేదు, వాడికి అద్దాలు లేవు.

సాయంత్రం నిమ్మనీళ్లలో ఒకటిన్నర పొట్లం వేశాను. కాస్త తేరుకుంటాడని.

మార్చి 12, బుధవారం

ఒక సంపుటానికి అట్ట తలకిందులుగా వేశాడు. నా పెళ్లైనప్పటి నుంచి మా షాపులో అలాంటిది జరగలేదు. ఆయన తాగి పనిచేసిన రోజుల్లో కూడా జరగలేదు. నాకు ఆగలేదు. కుట్టు పిన్ని ఉందని కూడా చూడలేదు.

"ఎక్కడ తాగుతున్నావురా?"

వాడు జిగురు బ్రష్షు అలాగే పట్టుకుని ఉండిపోయాడు. "ఏంటి?"

"నాకు అర్థం కాదనుకున్నావా? మీ నాన్నతో కాపురం చేసినదాన్ని."

"అమ్మా, నేను తాగడం ఏంటి?"

"అయితే ఆ కళ్లేంటి? ఆ నోరు ఎండడం ఏంటి? బాత్‌రూమ్‌లో గంటలు గంటలు ఏంటి?"

"ఒంట్లో బాగుండడం లేదు. ఏదో అయింది నాకు, నాకే తెలియడం లేదు" అన్నాడు. "నాన్నతో పోల్చావు చూడు, అది మాత్రం..."

బ్రష్షు నీళ్లలో పడేసి మెషిన్ దగ్గరికి వెళ్లిపోయాడు.

కుట్టు పిన్ని తల ఎత్తకుండా, "తాగేవాడు ఒట్టు వేస్తాడు పెద్దమ్మగారూ. ఈయన ఒట్టు వేయలేదు" అంది.

మా ఆయన వేసేవారు. నా తల మీద చెయ్యి పెట్టి మరీ వేసేవారు. ఈ మాట నాకు తోచనందుకు కోపం వచ్చింది. పిన్నికి ఇవాళ టీ ఆలస్యంగా ఇచ్చాను.

మార్చి 13, గురువారం

పొద్దున నిమ్మనీళ్లు ఇచ్చాను. నా వైపు చూడకుండా తాగాడు. తల్లి తిట్టినా తల్లి ఇచ్చింది కాదనలేదు.

భోజనమయ్యాక మెషిన్ దగ్గరికి వెళ్లాడు. లైబ్రరీ పుస్తకాలు అంచులు కోయాలి. నేను అట్టలకు గుడ్డ కొలుస్తున్నాను. కత్తి దిగిన చప్పుడు రెండు మూడుసార్లు వినబడింది, సమంగా. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను తల ఎత్తాను.

వాడు నిలబడే నిద్రపోతున్నాడు. ఎడమచెయ్యి కత్తి కింద దొంతర మీద ఉంది. కుడిచెయ్యి బటన్ పక్కన. మొహం మెల్లగా ముందుకు వాలుతోంది.

పిలవాలనుకున్నాను. పిలిస్తే ఉలిక్కిపడి చెయ్యి బటన్ మీద పడుతుందేమోనని నోరు రాలేదు. లేచి నడవబోయాను. నేను సగం దూరంలో ఉండగానే వాడు తూలాడు, కుడిచెయ్యి ఆసరా కోసం బటన్ మీదే పడింది. కత్తి దిగింది.

కుట్టు పిన్ని కేక పెట్టింది. నేను పెట్టలేదు.

తూలినప్పుడు ఎడమచెయ్యి వెనక్కి జరిగింది. అంతే తేడా. చొక్కా చేతి అంచు తెగి దొంతర మీద పడింది. చూపుడువేలు కొస చర్మం లేచిపోయి నెత్తురు కారుతోంది. వేళ్లున్నాయి. వరసగా తడిమి చూశాను, మళ్లీ చూశాను. అన్నీ ఉన్నాయి. పుస్తకం వంకరగా తెగి అక్షరాలు సగానికి సగం పోయాయి. పోనీ.

క్లినిక్‌లో కట్టు కడుతూ డాక్టరు అడిగాడు: "నిద్ర ఎలా వచ్చింది? ఏమైనా మందులు వాడుతున్నారా?"

"తుమ్ములకని ఒక మాత్ర అండీ" అని అబ్బాయి గొణిగాడు, నా వైపు దొంగచూపు చూస్తూ.

"అయితే అది ఆపేయండి, మెషిన్ దగ్గరికి వెళ్లకండి. ఇంకేమైనా?"

"లేదండీ."

నేను పక్కనే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టాం. తలుపు దగ్గరగా వేసి కోడల్ని హాల్లో కూర్చోబెట్టాను.

"క్యారేజీలో మాత్రలు పెట్టి నా కొడుకు చేతులు తీసేయాలనుకున్నావా?"

తెల్లబోయింది. తర్వాత ఎర్రబడింది. "ఓహో, సోమవారం మాత్ర తీసింది మీరన్నమాట! అది కనబడక ఆయన షాపు పక్క కొట్లో ఒక స్ట్రిప్ కొనుక్కున్నారు తెలుసా? అప్పటి నుంచి పొద్దున అదొకటి, మధ్యాహ్నం నాదొకటి. నాకు ఇవాళే చెప్పారు."

"ఎందుకిచ్చావసలు? నా ఇంట్లో మాత్రలు..."

"మీ ఇంట్లో మాత్రలు ఉండకూడదు, తుమ్ములు మాత్రం ఉండొచ్చు! పిల్ల పక్కన పడుకుంటే ఆయన తుమ్ములకు అది లేచి కూర్చుంటోంది. మందుల షాపులో అడిగాను, రోజుకు ఒకటి చాలన్నారు. ఒకటే ఇచ్చాను. దాచి ఇచ్చింది మీ భయానికి అత్తయ్యా, ఆయన్ని ఏదో చేయాలని కాదు."

"మీ అన్నతో ఫోనులో ఏమన్నావ్?"

"అదీ విన్నారా? ఏదో ఒకటి చేస్తున్నానంటే ఇదే!" అని గుండీల డబ్బాలోంచి స్ట్రిప్ తీసి నా ముందు పడేసింది. వాడి చొక్కా జేబులోంచి ఇంకోటి తెచ్చి దాని పక్కన పడేసింది. "చూసుకోండి. చదువుకున్నవారు కదా, చదవండి."

భూతద్దం తెచ్చి చదివాను. పై పేర్లు వేరు, రంగులు వేరు. కింద సన్నక్షరాల్లో అసలు మందు పేరు రెండింటి మీదా ఒకటే: క్లోర్‌ఫెనిరమిన్. పక్కన మగత వస్తుందని, బండి నడపరాదని, యంత్రాల దగ్గర పనిచేయరాదని ఉంది.

"చూశావా!" అన్నాను. "నువ్వో పేరుతో, వాడో పేరుతో ఒకటే మందు రెండింతలు. పేరు చదవకుండా మింగితే ఇంతే." నాకు ఆ మాట అంటున్నప్పుడు, రాయడానికి సిగ్గుగా ఉంది, సంతోషంగా ఉంది.

కోడలు తల వంచుకుంది. "ఒకటే అని నాకు తెలియదు" అంది. కళ్లు తుడుచుకుంది.

నేను లేచి వంటగదిలోకి వెళ్లాను. వాడు లేచాక ఇద్దామని నీళ్లు పెట్టాను. పొట్లం చేతిలోకి తీసుకున్నాను. భూతద్దం ఇంకా రెండో చేతిలోనే ఉంది.

పొట్లం వెనక, వెండి రంగు మీద, చీమల బారులా అక్షరాలు. జ్వరం మందు. ముక్కు దిబ్బడ మందు. మూడోది క్లోర్‌ఫెనిరమిన్.

నీళ్లు మరిగిపోతున్నాయి. కోడలు వచ్చి స్టవ్వు ఆపింది. నా చేతిలోది తీసుకుని చూసింది. నిమ్మనీళ్ల గ్లాసు చూసింది.

"ఎన్ని రోజుల నుంచి అత్తయ్యా?"

తనే లెక్క కట్టుకుంది. అప్పటికప్పుడు క్లినిక్‌కు ఫోను చేసి మూడూ చెప్పింది. అన్నీ ఆపమన్నారట, మధ్యమధ్య లేపి చూడమన్నారట, లేపితే లేవకపోయినా, మాట తడబడినా, మూత్రం రాకపోయినా వెంటనే తీసుకురమ్మన్నారట. లేపితే లేచాడు. మనవరాలి పేరు అడిగితే విసుక్కుంటూ చెప్పాడు.

కోడలు నన్ను ఒక్క మాట అనలేదు. చివర్లో మాత్రం, "పొడి సంగతి నేను చెప్పను. మీరే చెప్పండి" అంది.

మార్చి 14, శుక్రవారం

ఆలోచిస్తే ఇందులో అందరి తప్పూ ఉంది. దాచడం కోడలి తప్పు. అడక్కుండా కొని మింగడం అబ్బాయి తప్పు. అంత ముఖ్యమైన సంగతి అంత సన్నక్షరాల్లో వేయడం పొట్లాలు చేసేవాళ్ల తప్పు.

నాది

మార్చి 15, శనివారం

వాడి కళ్లు తేటపడ్డాయి. పొద్దున నీళ్ల సీసా సగం కూడా అవలేదు.

మంచం మీద కూర్చుని కట్టు కట్టిన వేలు చూసుకుంటూ అన్నాడు: "నా తప్పేనమ్మా. పొద్దున ఒకటి ఎక్కువ వేసుకున్నా. కానీ ఒక్క మాత్ర ఎక్కువైతేనే నిలబడి నిద్రపోతానా? నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. మెషిన్ అమ్మేద్దాం. మా ఆవిడ అన్నయ్య చెప్పినట్టు జిరాక్సు పెట్టుకుంటే వేళ్లైనా మిగులుతాయి."

కోడలు గుమ్మంలో నిలబడి నా వైపే చూస్తోంది.

"విశ్రాంతి తీసుకో, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

చెప్పలేదు.

మార్చి 16, ఆదివారం

లైబ్రరీ ఆయన వచ్చాడు. పాడైన పుస్తకం సంగతి మాట్లాడాల్సి వచ్చింది. చెప్పడానికి వీలు కాలేదు.

వీలు కాలేదని రాశాను. ఆయన కాఫీ తాగేంత సేపు కూడా లేడు.

మార్చి 17, సోమవారం

స్ట్రిప్పులు రెండూ, పొట్లం ఒకటీ సంచిలో వేసుకుని మందుల షాపుకు వెళ్లాను. అదే అమ్మాయి.

"పక్కింటావిడ కొడుకు ఎలా ఉన్నారండీ?"

"నా కొడుకు" అన్నాను. అన్నీ బల్ల మీద పెట్టాను.

నవ్వలేదు, మంచి పిల్ల. వేలు పెట్టి చూపించింది. "మూడింట్లోనూ ఇదే ఉందండీ. చాలా జలుబు మందుల్లో ఉంటుంది, అందుకే కొనేముందు పై పేరు కాదు, లోపలి మందు పేరు చూడాలి. నోరు ఎండడం, చూపు మసకబారడం, మూత్రం కష్టంగా రావడం, అన్నీ ఇది ఎక్కువైతే వచ్చేవే. మగత తక్కువ ఉండే రకం ఇంకోటి ఉంది, రోజుకు ఒక్కసారి. క్లినిక్‌లో అడిగి మొదలుపెట్టమనండి. మొదట్లో ఒకటి రెండు రోజులు మెషిన్ దగ్గరికి వెళ్లకుండా ఒంటికి ఎలా ఉందో చూసుకోమనండి, కొందరికి దానితోనూ నిద్ర వస్తుంది. దాంతో పాటు ఇంకే జలుబు పొడీ వద్దు, తాగుడు వద్దు."

"వాడు తాగడు" అన్నాను.

"మీరు కూడా ఈ పొడి వాడుతుంటే ఆపేయండి. మీ వయసువాళ్లకు దీనితో మతిమరుపు, తూలడం ఎక్కువ."

ఇంకా ఏదో చెప్పబోయింది. "పెట్టెతో పాటు ఒక కాగితం వస్తుందండీ, అందులో ఇదంతా ఉంటుంది" అంది. ఉంటుంది. అంటించేశాను.

క్లినిక్‌లో అడిగి కొత్త మాత్రలు తెచ్చాను. పెట్టె విప్పలేదు.

మార్చి 18, మంగళవారం

చెప్పాను.

వాడు కిటికీ దగ్గర కూర్చుని మనవరాలి బొమ్మల పుస్తకానికి ఊడిన పేజీలు అంటిస్తున్నాడు, నాలుగు వేళ్లతో. కోడలు పిల్లను తీసుకుని బయటికి వెళ్లింది. కావాలనే వెళ్లింది.

"నిమ్మనీళ్లలో జలుబు పొడి కలిపేదాన్ని" అన్నాను. "దాంట్లోనూ ఆ మందే ఉంది."

అంటించడం ఆపలేదు. "రోజూనా?"

"మొదట రోజుకు ఒక పొట్లం. తర్వాత రెండు పూటలా. పోయిన మంగళవారం సాయంత్రం ఒకటిన్నర."

"నా వేలు తెగిన రోజు పొద్దున కూడానా?"

"ఆ రోజు కూడా."

అప్పుడు ఆపాడు. "ముందురోజే కదా నన్ను తాగుబోతువన్నావ్."

"అన్నాను."

"నా సీసా వాసన చూశావట. పిన్ని చెప్పింది."

"చూశాను."

"నా సీసా వాసన చూశావు, ఆవిడ క్యారేజీ విప్పావు. నీ గ్లాసు ఒక్కటి చూసుకోలేదా అమ్మా?"

కోడలు ఇచ్చింది వాడికి తెలుసు, వాడు కొన్నది వాడికి తెలుసు. వాడికి తెలియకుండా వాడి ఒంట్లోకి పోయింది నా చేతిది ఒక్కటే. ఈ నాలుగు రోజులూ "అందరి తప్పూ" అని రాసుకున్నదాని కింద ఇది రాయకుండా తిప్పుకున్నాను.

"అయితే నా చేతులకేం కాలేదన్నమాట" అన్నాడు. అరచేతులు రెండూ తిప్పి చూసుకున్నాడు. "భయంతో చస్తున్నాను ఇన్నాళ్లూ. ఏదో నరాల జబ్బు అనుకున్నా."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. వాడు చూడకుండా లేచి వచ్చేశాను. చూసే ఉంటాడు.

మార్చి 21, శుక్రవారం

కొత్త మాత్ర మొదలుపెట్టి మూడో రోజు. తుమ్ములు తగ్గాయి, నిద్ర రావడం లేదన్నాడు. ఇవాళ షాపుకు వచ్చి ముందు మెషిన్ దగ్గరికే వెళ్లాడు. ఎడమ బటన్‌లోని అట్టముక్కను స్క్రూడ్రైవరుతో పెరికి పారేశాడు. "ఆర్డరు ఆలస్యమైతే అరవకు" అన్నాడు. "అరుస్తాను. అయినా తియ్" అన్నాను. కుట్టు పిన్ని నవ్వి, "ఇద్దరికీ గొంతులు వచ్చేశాయి" అంది. రెండు చేతులూ రెండు బటన్ల మీద పెట్టి ఒక్క దొంతర కోశాడు. అంచు తిన్నగా వచ్చింది.

సాయంత్రం ముగ్గురికీ కాఫీ కలిపాను. పిన్నికి ఇచ్చాను. వాడికి ఇచ్చాను.

వాడు కప్పు అందుకున్నాడు, కానీ వెంటనే తాగలేదు. ఒక్క క్షణం లోపలికి చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"కాఫీపొడి, పాలు, పంచదార" అన్నాను.

"నేనేం అడగలేదమ్మా" అన్నాడు, మొహమాటంగా.

"అడుగు" అన్నాను. "ఎవరిచ్చినా అడుగు. నేనిచ్చినా సరే, అడిగే తాగు."

తాగాడు. నేను నా కప్పు పట్టుకుని వాడి వైపు కాకుండా వీధి వైపు తిరిగి నిలబడ్డాను.